133 మందిలో ఒకడిగా, అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. అమెరికా కోర్టు కాగితాల్లో నా పేరు జాన్ డో (అసలు పేరు బయటపడకుండా పెట్టే పేరు), పక్కన ఒక నంబరు. ఇక్కడ కూడా అసలు పేరు రాయలేకపోతున్నాను, క్షమించండి.

2025 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మా యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు మేడమ్ ఫోన్ చేశారు. నా సెవిస్ రికార్డు, అంటే విదేశీ విద్యార్థుల స్టేటస్ ఉండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్‌లో నా రికార్డు, టెర్మినేట్ అయిందన్నారు. ప్రభుత్వం వాళ్లకూ చెప్పలేదట, డేటాబేస్ చూస్తుంటే కనబడిందట. ఓపీటీ (స్టూడెంట్ వీసా వాళ్లకు చదివిన రంగంలో పనిచేయడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి) మీద చేస్తున్న ఉద్యోగం ఆ రోజే ఆగిపోయింది. ఎప్పుడో కోర్టు కొట్టేసిన ఒక ట్రాఫిక్ కేసు తప్ప నా మీద ఏమీ లేదు. మెయిల్‌తో సరిపెట్టకుండా ఫోన్ చేసి, ఏడుస్తుంటే లైన్‌లోనే ఉన్న ఆ మేడమ్‌కు మొదటి నమస్కారం.

అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉండే అన్న, వదిన నన్ను వాళ్లింటికి తీసుకెళ్లిపోయారు. రూమ్‌లో ఒంటరిగా ఉంటే ఏమయ్యేవాడినో తెలియదు. ఇంటి దగ్గర నాన్నకు లోన్ టెన్షన్ చాలదన్నట్టు ఇది కూడా చెప్పాలా అని నేను దాస్తుంటే, నా తరఫున రోజూ వదినే అమ్మతో మాట్లాడింది.

వీసా మీద ఉన్నవాడు అమెరికా ప్రభుత్వం మీదే కేసు వేయడమా అని చాలా భయపడ్డాను. అప్పుడు లాయర్ గారు చెప్పిన ఒక్క మాట నన్ను నిలబెట్టింది: రాజ్యాంగం ఐదో సవరణలో ఉన్నది ‘పౌరుడు’ అని కాదు, ‘వ్యక్తి’ అని. నోటీసు ఇవ్వకుండా, నా మాట వినకుండా స్టేటస్ తీసేయకూడదని అడిగే హక్కు నాకూ ఉంది.

ఏప్రిల్ 11న అట్లాంటా ఫెడరల్ కోర్టులో కేసు వేసినప్పుడు ఉన్నది 17 మందే. తర్వాత మాలాంటి వాళ్లం చేరి 133 మందిమయ్యాం. ఆ 17 మందిలో ఒక్కరి ముఖం కూడా నేను చూడలేదు. మీరు ముందు సంతకం పెట్టకపోతే నాకు ధైర్యం వచ్చేది కాదు.

18న జడ్జి విక్టోరియా కాల్వర్ట్ గారు మా స్టేటస్‌లు తిరిగి ఇవ్వమని తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు, అదీ మార్చి 31 నుంచి వర్తించేలా. రికార్డు మళ్లీ యాక్టివ్ అని స్క్రీన్ మీద చూశాకే నాన్నకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ అన్నకు ఒకసారి ఫోనివ్వు’ అన్నారు.

అన్నా, మీ ఇంటి తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది. ఆదివారం వచ్చి ఇస్తాను.