జవాబు కరెక్టే, పక్కన ఎర్ర ఇంటూ

సంపాదకులకు నమస్కారం.

మాది కావలి. హైవే పక్కన నాకు టైర్ల షాపు ఉంది. పంచర్లు వేయటం, గాలి పట్టటం, లారీ చక్రాలు విప్పి బిగించటం, ఇంతే మా పని. నేను చదివింది పదో తరగతి వరకే. పిల్లల చదువు గురించి పేపరుకి రాస్తానంటే ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, పోయిన నెల మా పాప లెక్కల నోటు చూసినప్పటి నుంచి మనసులో ఒకటే మెదులుతోంది, రాసేస్తే పోతుందని రాస్తున్నా.

పాప నాలుగో తరగతి. ప్రైవేటు బడి, పేరెందుకులెండి. స్లిప్ టెస్టులో 7 ఇంటూ 8 ఎంత అని ఇచ్చారు. దానికి ఆ నిమిషాన ఏడో ఎక్కం గుర్తుకు రాలేదు. ఐదు ఎనిమిదులు నలభై, రెండు ఎనిమిదులు పదహారు, రెండూ కలిపితే యాభై ఆరు అని మార్జిన్లో రాసుకుని 56 వేసింది. జవాబు కరెక్టే. దాని పక్కన ఎర్ర సిరాతో పెద్ద ఇంటూ, కింద 'సెవెన్త్ టేబుల్ పదిసార్లు రాయి' అని. లెక్కలో ఉన్న ఇంటూ సరే, పక్కన పడిన ఇంటూ ఎందుకో నాకర్థం కాలేదు. బడికి వెళ్లి టీచర్ని అడిగా. "ఎక్కాలు నోటికి రావాలండీ, ఇట్లా ముక్కలు చేసుకుంటూ కూర్చుంటే పరీక్షలో టైము చాలదు, ఈ కొత్త పద్ధతులన్నీ మా దగ్గర కుదరవు" అన్నారు.

ఏది కొత్త? మా జేజి, అదే మా అవ్వ, బడి గడప తొక్కలేదు. కొలతల్లో మాత్రం ఆమెను ఎవరూ మోసం చేయలేకపోయేవాళ్లు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంతా రెట్టింపులే. కుంచానికి ఎన్ని సోలలని అడిగితే రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అని వేళ్ల మీద నాలుగు మెట్లెక్కి చెప్పేది. పదహారో ఎక్కం ఆమెకు ఎవరు నేర్పారు? ఇప్పటికీ మా నెల్లూరు వైపు వడ్ల బేరం పుట్టి లెక్కనే, పుట్టి అంటే 850 కిలోలు. కళ్లంలో మూడు పుట్లంటే మా నాయన కాగితం తీయడు. మూడెనిమిదులు ఇరవై నాలుగు, అంటే రెండు వేల నాలుగు వందలు, మూడు యాభైలు నూట యాభై, మొత్తం 2550 అంటాడు. పాప చేసింది అదే కదా. మా షాపుకు స్కూటర్ గాలి పట్టించుకోటానికొచ్చే రిటైర్డ్ లెక్కల మాస్టారు ఈ గొడవంతా విని, భాస్కరాచార్యులు 1150లో రాసిన లీలావతి అనే లెక్కల పుస్తకంలోనే 135ని 12తో గుణించటానికి దారులు ఒకటి కాదు, నాలుగైదు ఉన్నాయయ్యా అన్నారు. పన్నెండుని ఎనిమిది, నాలుగు చేసుకో, 1080కి 540 కలుపు, 1620. లేదా ముందు మూడుతో, తర్వాత నాలుగుతో గుణించు, అదే 1620. అంటే దాదాపు తొమ్మిది వందల ఏళ్ల నాటి కొత్త పద్ధతన్నమాట!

ఎక్కాలు వద్దని నేననటం లేదు. నోటికొస్తే చేతికి పని తొందరగా తెములుతుంది, బేరం దగ్గర కాలిక్యులేటర్ వెతుక్కునేవాడిని చూస్తే నాకే చిరాకు. కానీ నోటికొచ్చింది ఏదో ఒకరోజు మరుపుకొస్తుంది. ఆ రోజు పిల్ల బిక్కమొహం వేసుకుని కూర్చోకుండా ఇంకో దారిన వెళ్లి జవాబు పట్టుకుందంటే దానికి రైటు పడాలి గానీ ఇంటూ ఏంటి?

ఇంకో సంగతి. ఎక్కం వచ్చినంత మాత్రాన లెక్క వచ్చినట్టు కాదు. ఓ ఆదివారం షాపు ముందు పది టైర్ల లారీ ఆగి ఉంటే, ముందు చక్రం చూపించి, దీనికి పది నట్లున్నాయి, మరి బండి మొత్తానికి ఎన్ని అని పాపని అడిగా. టక్కున "వంద" అంది. పదో ఎక్కం సులువు కదా. పోయి లెక్కపెట్టుకుని రమ్మన్నా. చుట్టూ తిరిగి వచ్చి "అరవయ్యే ఉన్నాయి నాన్నా" అని మొహం వేలాడేసింది. వెనకాల టైర్లు జంటలు జంటలుగా ఉంటాయి, ఒక్కో జంటకు ఒకే బిగింపు. ముందు రెండు, వెనక నాలుగు జంటలు, మొత్తం ఆరు చోట్ల పదేసి. పది పదులు వంద అని ఎంత గట్టిగా వల్లించినా, గుణించాల్సింది పదిని కాదు, ఆరుని అని చెప్పేది ఎక్కం కాదు, కన్ను.

ఇక సింపుల్ మిషన్ల పాఠం. ఈవీఎస్‌లో, అంటే పరిసరాల విజ్ఞానంలో వచ్చిందట. లీవర్, పుల్లీ, వీల్ అండ్ యాక్సిల్, ఇంక్లైన్డ్ ప్లేన్, వెడ్జ్, స్క్రూ అని పాప గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది, అది కూడా ఎక్కంలాగే. మరి జేజి వాళ్ల బావి మీద గిలక ఏంటే అంటే తెల్లమొహం. అడకత్తెర? గడ్డపార? మన షాపులో జాకీ? అవి మిషన్లా అంది. నోటులో ఏమో 'సింపుల్ మిషన్లు మన పనిని తగ్గిస్తాయి' అని రాసి ఉంది, దానికి మాత్రం రైటు పడింది! రోజూ జాకీ తిప్పేవాడిగా చెప్తున్నా, పని ఏమీ తగ్గదు. మర జాకీ, అంటే స్క్రూ జాకీ, హ్యాండిలు ఎన్ని చుట్లు తిప్పితే బండి ఒక అంగుళం లేస్తుందో తిప్పినవాడికి తెలుసు. తగ్గేది మనం పెట్టే బలం, దాని బదులు దూరం ఎక్కువ నడవాలి. పైగా మర రాపిడికి పోయేది పోను, గ్రీజు పెట్టకపోతే అది కూడా మన చేతుల్లోంచే పోతుంది. చెక్క సంగతీ అంతే. నాలుగడుగుల ఎత్తున్న లారీలోకి 180 కిలోల డ్రమ్ము ఎత్తలేం, పన్నెండడుగుల చెక్క వాలుగా వేసి దొర్లిస్తే అరవై కిలోల బలంతో ఇంచుమించు పైకి పోతుంది. బలం మూడో వంతు, దూరం మూడింతలు. ఇక బావి గిలకైతే బలం కూడా తగ్గించదు. ఒక్క గిలకే పైన బిగించి ఉంటే బొక్కెన ఎన్ని కిలోలో అంత బలమూ లాగాల్సిందే. పైకి లాగే బదులు కిందికి లాగుతాం కాబట్టి మన ఒంటి బరువు కలిసొస్తుంది, అదీ దాని సుఖం.

చీమకుర్తి నుంచి గ్రానైట్ రాళ్లు వేసుకొచ్చే లారీలకు నట్లు తుప్పుపట్టి ఒక్కోసారి కదలవు. అప్పుడు వీల్ పానాకి ఇనప పైపు తొడుగుతాం. షాపులో కుర్రాడు యాభై కిలోలు ఉంటాడు. రెండడుగుల పానా చివర నిలబడితే రెండు యాభైలు వంద. పైపు తొడిగి నాలుగడుగుల దూరంలో నిలబడితే నాలుగు యాభైలు రెండు వందలు. కుర్రాడు పెరగలేదు, నట్టు మాత్రం కిర్రుమని తిరిగింది. ఆ పానా కూడా లీవరే. అప్పుడే నాకు వెలిగింది, లీవరంటే బలాన్ని దూరంతో గుణించటమే కదా అని. బడిలో ఒకటి మాథ్స్ పీరియడ్లో, ఇంకొకటి ఈవీఎస్ పీరియడ్లో, రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు.

ఆ రాత్రి ఇంట్లో ముప్పై సెంటీమీటర్ల స్కేలు తీసి, పదిహేనో గీత కింద పెన్సిలు అడ్డంగా పెట్టాం. గుండ్రటి పెన్సిలు దొర్లిపోతుంది, పలకలున్నది పెట్టుకోవాలి. మధ్య నుంచి ఒక పక్క పన్నెండు సెంటీమీటర్ల దూరంలో ఒక రూపాయి బిళ్ల. రెండో పక్క బిళ్లలు దొంతి పెట్టి, స్కేలు సమంగా నిలబడే చోటు దొరికేదాకా జరపమన్నా. మొదట్లో అస్సలు కుదర్లేదు. తీరా చూస్తే పాత రూపాయిలూ కొత్తవీ కలిసిపోయాయి, వాటి బరువు ఒకటి కాదు. అన్నీ ఒకే రకం ఏరి మళ్లీ పెట్టాం. రెండు బిళ్లలు ఆరు దగ్గర నిలిచాయి, మూడు బిళ్లలు నాలుగు దగ్గర, నాలుగు మూడు దగ్గర, ఆరు రెండు దగ్గర. పాప ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుంది. ఐదు బిళ్లలు పెట్టేసరికి ఏ గీత మీదా నిలబడదు, రెండుకీ మూడుకీ మధ్యలో ఎక్కడో ఊగుతోంది. చాలాసేపు గోక్కుని గోక్కుని చివరికి "నాన్నా, పన్నెండు ఐదో ఎక్కంలో లేదు కదా, అందుకే" అంది. దానికి నేను ఒక్క ముక్క చెప్పలేదు, ఒట్టు. ఖర్చు ఏడు రూపాయలు, అవి కూడా మళ్లీ గల్లాలోనే వేసుకున్నా.

టీచర్లను తిట్టటానికి ఇది రాయటం లేదు. క్లాసు నిండా పిల్లలు, సిలబస్ టెన్షన్, వాళ్ల బాధలు వాళ్లవి. అడిగేవి రెండే. టెస్టు పేపరులో ప్రతి లెక్క పక్కన కాస్త చోటు వదిలి, పిల్ల ఏ దారిన వచ్చిందో రాసుకోనివ్వండి, జవాబు సరైతే ఆ దారికి ఇంటూ వేయకండి. శనివారాలు నో బ్యాగ్ డే అంటున్నారు కదా, ఆ రోజు స్కేలూ బిళ్లలూ ముందర పెట్టండి. వీలైతే ఊళ్లో వడ్రంగి దగ్గరికో, గిలక ఉన్న బావి దగ్గరికో, కాటా దగ్గరికో తీసుకుపోండి.

మా షాపుకైనా సరే తీసుకురండి. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా బేరాలు తక్కువ. పానా, పైపు, జాకీ అన్నీ పిల్లల చేతికిస్తా, టీ బిస్కెట్లు నావి. బండి కిందికి మాత్రం ఒక్కరినీ దూరనివ్వను, అది ముందే చెప్తున్నా.

ఇట్లు,
ఒక టైర్ల షాపు యజమాని,
కావలి, నెల్లూరు జిల్లా