యంత్రం దిగింది, బిగించేవాడికి వీసా ఏది?

సంపాదకుడికి,

2025 సెప్టెంబరు 4న అమెరికాలోని జార్జియాలో హ్యుందాయ్–ఎల్జీ బ్యాటరీ ప్లాంటు కడుతున్న చోట, చట్టవిరుద్ధంగా పనిచేస్తున్నారంటూ వలస అధికారులు 475 మందిని పట్టుకున్నారు. అందులో మూడు వందల మందికి పైగా కొరియన్లే. ఫ్యాక్టరీ పెట్టమని పిలిచిన దేశమే గొలుసులు వేసి తీసుకెళ్లింది. కొరియా దౌత్యవేత్తలు తిట్లకు దిగకుండా రెండు విషయాల మీద పట్టుబట్టారు: బహిష్కరణగా కాక స్వచ్ఛందంగా వెళ్తున్నట్టు రాయాలి, తిరుగు ప్రయాణంలో సంకెళ్లు ఉండకూడదు. రెండూ సాధించారు. బహిష్కరణ అని రాస్తే ఆ ఇంజినీర్లకు మళ్లీ వీసా దొరకడం కష్టం మరి.

విదేశంలో కొన్న యంత్రాన్ని బిగించడానికి, బాగుచేయడానికి బి-1 (వ్యాపార పనులపై కొద్దికాలం వచ్చేవారికిచ్చే) వీసా సరిపోతుందని ఆ నెలాఖరు చర్చల్లో అమెరికా ఒప్పుకుంది. ఆ నిబంధన కొత్తదేమీ కాదు. అమ్మకపు ఒప్పందంలో ఆ సేవ రాసి ఉండాలి, జీతం బయటి కంపెనీయే ఇవ్వాలి, నిర్మాణ పనిలో చెయ్యి పెట్టకూడదు.

హెచ్-1బీ గురించి రోజూ బాధపడే మనం ఈ వ్యవహారంలో ఆతిథ్యం ఇచ్చే పక్షం. పెనుకొండలో కియా ఉంది, శ్రీసిటీలో ఎల్జీ ఎలక్ట్రానిక్స్ ప్లాంటుకు 2025 మేలో శంకుస్థాపన జరిగింది. 2020 గల్వాన్ ఘర్షణ తర్వాత చైనా నిపుణుల వీసాలను మన ప్రభుత్వం బిగించింది. సరిహద్దులో 20 మంది సైనికులను పోగొట్టుకున్న దేశం జాగ్రత్త పడటంలో తప్పులేదు. అవునో కాదో చెప్పకుండా నెలలు నాన్చడమే తప్పు. అమ్మినవాళ్ల ఇంజినీరు లేకుండా కరెంటిస్తే చాలా యంత్రాలకు వారంటీ పోతుంది. కంట్రోలర్ పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంటుంది. ట్రయల్ రన్ మీద సంతకం పడకపోతే ఆఖరి వాయిదా చెల్లింపూ ఆగుతుంది.

2025 నవంబరులో కేంద్రం ఇ-బి-4 వీసా (ఫ్యాక్టరీ పనుల మీద వచ్చే విదేశీ నిపుణులకిచ్చే వ్యాపార వీసా) కోసం నేషనల్ సింగిల్ విండో అనే అనుమతుల పోర్టల్‌లో, పిలిచే కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ లేఖ సదుపాయం పెట్టింది. యంత్రాల బిగింపు, నాణ్యత పరీక్ష, మరమ్మతు, శిక్షణ దీని కిందికి వస్తాయి. మంచి పనే. అయినా దరఖాస్తులు దెబ్బతినేది ఎక్కువగా మన కంపెనీల రాతలోనే. ‘సమావేశాలకు వస్తున్నారు’ అని రాసి మనిషి చేతికి రెంచీ ఇస్తారు. ఒక ప్లాంటు చిరునామా ఇచ్చి, పక్క జిల్లాలోని సరఫరాదారు షెడ్డుకు పంపుతారు. లేఖలో యంత్రం సీరియల్ నంబరు, కొనుగోలు ఆర్డరు, పని దశలు, ఒక్కో దశకు పట్టే రోజులు, జీతం ఇచ్చేదెవరు, వెళ్లే ప్రతి చిరునామా ఉండాలి. పనిరోజులకు అదనంగా రెండు వారాలు అడగాలి. కస్టమ్స్‌లో పెట్టె ఆలస్యమైతే మొదట కరిగిపోయేది వీసా గడువే.

అధికారులకూ ఒక మాట. వీసా ఇవ్వలేకపోతే తొందరగా, గుట్టుగా చెప్పండి. పత్రికలకు లీకులు వద్దు. వచ్చినవారు హద్దు దాటారని తేలితే ముందు పిలిచిన కంపెనీని అడగండి. అదుపులోకి తీసుకుంటే, వారు కోరితే కాన్సులేట్‌కు వెంటనే కబురు చేయాలని 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం చెబుతోంది. టీవీ కెమెరాలను పిలవమని అందులో లేదు. రాష్ట్ర పరిశ్రమల శాఖ ఈ లేఖలను ఢిల్లీకి పోకముందే సరిచూసే అధికారిని ఒకరిని శ్రీసిటీలోనే కూర్చోబెట్టాలి.

– ఒక పాఠకుడు, తడ