తీపి తగ్గింది, రేటు పెరిగింది: మన మ్యూస్లీ కొత్త బ్యాచ్ గురించి

అందరికీ నమస్తే. ఆర్డర్ పెట్టే ముందు ఇది ఒకసారి చదవండి. కొంచెం పెద్దగానే ఉంటుంది, కానీ వాట్సాప్‌లో ఒక్కొక్కరికి అదే మాట మళ్ళీ మళ్ళీ టైప్ చేసే ఓపిక లేక అంతా ఒకేచోట రాసేస్తున్నా. విషయం ఏంటంటే మన ప్లెయిన్ మ్యూస్లీ (ఓట్స్, ఫ్లేక్స్, గింజలు, ఎండు పళ్ళు కలిపిన పొద్దుటి టిఫిన్) 400 గ్రాముల ప్యాకెట్ 340 నుంచి 375 అవుతోంది, లోపల సరుకు మారుతోంది, తీపి ఇంకా తగ్గుతోంది. అవును, తీపి తగ్గించి రేటు పెంచుతున్నాం, వినడానికే విచిత్రంగా ఉంది కదా, మా ఆయన కూడా "ఇది ఎవరికి చెప్పి ఒప్పిస్తావ్" అనే అన్నారు.

ఎందుకో చెప్తా. మ్యూస్లీలో పడే వాటిల్లో అన్నిటికన్నా చవకైంది పంచదార. దాని వెనకాలే టూటీ ఫ్రూటీ లాంటి రంగు ముక్కలు, అంటే పచ్చి బొప్పాయిని పాకంలో ఊరబెట్టి రంగేసి ఆరబెట్టినవి. ఇవి కాస్త ఎక్కువ పోస్తే ప్యాకెట్ బరువు తూగుతుంది, చూడ్డానికి కలర్‌ఫుల్‌గా ఉంటుంది, పిల్లలు మారాం చెయ్యకుండా తింటారు, చేసేవాడికి మిగులుతుంది కూడా. అదే తీసేస్తే ఆ బరువుని వేరే దేనితోనో నింపాలి కదా, బాదమో గుమ్మడి గింజో అంజీరో, ఏది పట్టుకున్నా పంచదార కంటే ఎన్నో రెట్లు ఖరీదు. అందుకని తీపి తగ్గినకొద్దీ రేటు పెరుగుతుంది, ఇందులో దాచడానికి ఏం లేదు.

ఈసారి తీసేస్తున్నది డ్రై క్రాన్‌బెర్రీ. ఎర్రగా ఫొటోల్లో బాగుంటుంది, చాలామందికి ఇష్టం కూడా, నాకు తెలుసు. కానీ అది బాగా పుల్లటి కాయ, ఉత్తగా ఎండబెడితే తినలేం, అందుకే బజార్లో దొరికే డ్రై క్రాన్‌బెర్రీ దాదాపు అంతా పంచదార పట్టించిందే, ప్యాకెట్ వెనక చూస్తే అక్కడే రాసుంటుంది. దాని బదులు ఎండు అంజీర్ చిన్న ముక్కలు చేసి వేస్తున్నాం, కిస్మిస్ కూడా తగ్గించాం. కిస్మిస్‌లో మేం కలిపే పంచదార ఏం లేదు, అయినా దాని బరువులో సగానికి పైగా సహజంగా ఉండే చక్కెరే, కాబట్టి "నో యాడెడ్ షుగర్" అని రాసుంటే అసలు చక్కెరే లేదని కాదు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకోసం తీసుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఇంకోమాట, తేనె బెల్లం ఖర్జూరం సిరప్ ఇవేవీ లెక్కలోకి రావు అనుకోవద్దు, ఒంట్లోకి వెళ్ళాక అవీ చక్కెర కిందే లెక్క.

"సెప్టెంబర్ 22, 2025 నుంచి జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది కదా అక్కా, మళ్ళీ పెంచడమేంటి" అని ఒకరిద్దరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు తగ్గిన మేరకు రేటు తగ్గించాం, పాత బిల్లులు ఉంటే చూసుకోండి. కానీ మన ఓట్స్ ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి వస్తాయి (ఇక్కడ ఓట్స్ పండించేది చాలావరకు పశువుల మేతకే), బాదం ఎక్కువగా కాలిఫోర్నియాది, రెండిటికీ డాలర్ల లెక్కే. బేగంబజార్‌లో బాదం రేటు అడిగితే పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి చెప్తారు. పెద్ద కంపెనీలు ఏడాదికి సరిపడా ముందే కొని పెట్టుకుంటాయేమో, మేం నెలకి సరిపడా కొంటే అదే గొప్ప.

అందుకే బాదం కొంత తగ్గించి పల్లీలు వేస్తున్నాం. ఈ మాట శాంపిల్ ఇచ్చినప్పుడు చెప్తే ఒక ఆంటీ మొహం మీదే "పల్లీలేసి కక్కుర్తి పడుతున్నారా" అనేశారు. ఆంటీ, 100 గ్రాముల పల్లీల్లో ప్రొటీన్ సుమారు 25 గ్రాములు, అదే బాదంలో సుమారు 21. పల్లీ మన రాయలసీమలో పండుతుంది కాబట్టి చవక, చవక కాబట్టి చులకన, అంతే. దోరగా వేయించి పొట్టు తీసి వేస్తున్నాం, నూనె లేదు ఉప్పు లేదు. పల్లీ పడనివాళ్ళు, అలర్జీ ఉన్నవాళ్ళు మాత్రం దయచేసి ఇక నుంచి మా ఏ ప్యాకెట్టూ తీసుకోవద్దు, అన్నీ ఒకే టేబుల్ మీద కలుపుతాం. అలాగే గ్లూటెన్ (గోధుమలో ఉండే ఒక ప్రొటీన్, కొందరికి పడదు) ఫ్రీ ఉందా అని అడిగేవాళ్ళకి కూడా, లేదు. గోధుమ ఫ్లేక్స్ వాడతాం, ఓట్స్‌కి కూడా పొలం దగ్గర్నుంచి మిల్లు దాకా ఎక్కడో ఒకచోట గోధుమ తగిలే ఉంటుంది. మిల్లెట్స్ ఉన్నాయి కాబట్టి గ్లూటెన్ ఉండదులే అనుకోవద్దు.

ఇప్పుడు అసలు గొడవ దగ్గరికొద్దాం. కరకర.

ఎక్కువ వచ్చే కంప్లైంట్ ఇదే, "మీది మెత్తగా ఉంది, ఫలానా బ్రాండ్‌ది భలే కరకరలాడుతుంది" అని. ఓట్స్ ఎలా తయారవుతాయో చూస్తే సంగతి తెలిసిపోతుంది. పైపొట్టు తీసిన గింజని ఆవిరి పట్టించి రోలర్ల మధ్య నొక్కితే రోల్డ్ ఓట్స్ వస్తాయి, దాదాపు మన అటుకుల పద్ధతే. అది సహజంగా కరకరలాడదు. కరకరలాడాలంటే నూనె, పంచదారో తేనో పట్టించి ఓవెన్‌లో కాల్చాలి, అప్పుడది గ్రనోలా అవుతుంది, కానీ ప్యాకెట్ మీద మాత్రం క్రంచీ మ్యూస్లీ అని పేరు పెడతారు. అసలు ఈ మ్యూస్లీ మొదలుపెట్టింది బిర్చర్-బెన్నర్ అనే స్విట్జర్లాండ్ డాక్టరు, 1900 ప్రాంతంలో జూరిక్‌లో తన పేషెంట్లకోసం. ఆయన గిన్నెలో ఎక్కువ భాగం తురిమిన పచ్చి యాపిల్, ఓట్స్ ఒకే ఒక్క పెద్ద స్పూను, అది కూడా రాత్రంతా నీళ్ళలో నానబెట్టినవి, కాస్త నిమ్మరసం, కొంచెం కండెన్స్‌డ్ మిల్క్, పైన గింజల పొడి. అంటే మొదట్నుంచీ అది నానబెట్టి తినే వంటకమే. మన దగ్గర పెరుగులో రాత్రి నానేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొద్దున్నకి సరిగ్గా కుదురుతుంది, పైన ఒక అరటిపండో జామకాయో కోసుకుంటే చాలు, తీపి గుర్తే రాదు.

మరి హనీ క్రంచ్ అని కరకరలాడే రకం నువ్వూ అమ్ముతున్నావ్ కదా అంటారు. అమ్ముతున్నాం, అమ్ముతాం కూడా. దాచడం ఎందుకు, ఎక్కువ పోయేది అదే, షాపు అద్దె కడుతున్నది అదే. కాకపోతే ఈ బ్యాచ్ నుంచి దాని లేబుల్ మీద "బ్రేక్‌ఫాస్ట్" అన్న మాట తీసేసి "స్నాక్" అని వేయిస్తున్నాం. సాయంత్రం టీతో ఒక గుప్పెడు తినండి, బిస్కెట్ కంటే నయం. పొద్దున్నే గిన్నెనిండా పోసుకుని హెల్దీగా తింటున్నాం అనుకోవద్దు, అంతే నా బాధ.

ప్లెయిన్‌లో కూడా కాస్త కరకర కావాలనేవాళ్ళకోసం ఈసారి జొన్న పేలాలు వేశాం. తొలి ఏకాదశికి పేలాల పిండి చేసుకుంటాం కదా, ఆ పేలాలే, బెల్లం లేకుండా. నూనె చుక్క అక్కర్లేదు, వేడికి గింజ దానంతటదే పేలుతుంది. చిక్కేంటంటే పాలు పొయ్యగానే నిమిషంలో మెత్తబడిపోతాయి, అందుకని చిన్న కవర్లో విడిగా పెడుతున్నాం, తినేముందు పైన చల్లుకోండి. గింజ పేలడం కూడా అన్ని జొన్నలతో బాగా రాదండోయ్, గింజలో తేమ తగ్గితే సగం పేలకుండా మాడిపోతుంది, దీనికోసం మా ఇంట్లో పాడైన మూకుళ్ళ గురించి అడక్కండి.

హోల్‌గ్రెయిన్ సంగతి కూడా కొంచెం చెప్తా. గింజలో మూడు భాగాలు, పైన తవుడు పొర, లోపల పిండి భాగం, ఒక మూల చిన్న మొలక. పీచు, బి విటమిన్లు, ఖనిజాలు ఎక్కువగా తవుడులో మొలకలో ఉంటాయి. మూడూ ఉంటేనే హోల్‌గ్రెయిన్. రోల్డ్ ఓట్స్‌లో మూడూ ఉంటాయి, జొన్న ఫ్లేక్స్‌లో పాలిష్ పట్టకపోతే ఉంటాయి. మామూలు కార్న్‌ఫ్లేక్స్‌లో మొక్కజొన్న తవుడు, మొలక ముందే తీసేస్తారు. "మల్టీగ్రెయిన్" అంటే చాలా ధాన్యాలు అని మాత్రమే, అన్నీ మైదాలా తెల్లగా పాలిష్ పట్టినవైనా మల్టీగ్రెయినే. ఎవరి ప్యాకెట్ కొన్నా (మాది కూడా) ముందున్న బొమ్మలు వదిలేసి వెనక్కి తిప్పండి. ఇంగ్రీడియంట్స్ బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత అనే వరసలోనే రాయాలి, అది రూలు. మొదటి మూడింటిలో పంచదారో గ్లూకోజ్ సిరప్పో కనిపిస్తే అర్థం చేసుకోండి. కింద టేబుల్‌లో యాడెడ్ షుగర్ అని విడిగా ఉంటుంది, అదీ చూడండి.

ఈ మొలక వల్ల మాకో తలనొప్పి ఉంది. అందులో నూనె ఉంటుంది, నూనె ఉంటే ముక్కిపోతుంది. పాలిష్ పట్టిన సరుకు నెలల తరబడి నిలవుండటానికి కారణం అదే, పాడవ్వడానికి అందులో పెద్దగా ఏం మిగల్లేదు. మనది ఎండాకాలంలో తెరిచిన ప్యాకెట్ నెలకంటే బయట పెట్టొద్దు, ఫ్రిజ్‌లో పెట్టుకోండి. నోట్లో చేదుగా, పాత నూనె వాసన వస్తే తినకండి, ఫొటో కూడా అక్కర్లేదు, చెప్తే చాలు వేరేది పంపిస్తా. అవిసె గింజలు ఈ కారణంగానే మిక్స్‌లోంచి తీసేశాం. పొడి చేసి కలిపితే తొందరగా పాడవుతాయి, గింజగా వేస్తే చాలావరకు నమలకుండా మింగేస్తాం, అవి ఎలా వెళ్ళాయో అలాగే బయటికొస్తాయి. ఇంట్లో వారానికి సరిపడా వేయించి పొడి కొట్టుకుని స్పూను కలుపుకోండి. కిస్మిస్, అంజీర్ కూడా ఇకనుంచి విడి కవర్లోనే, వాటి తేమ ఫ్లేక్స్‌కి పాకి అన్నిటినీ మెత్తబరుస్తోంది, వానాకాలంలో మరీను.

ఇక బరువు తగ్గుతామా అన్న ప్రశ్న. మ్యూస్లీ తింటే బరువు తగ్గరు. ఒక గిన్నెకి లెక్క 45 గ్రాములు, అంటే మామూలు టీ కప్పుకి సగం కంటే కాస్త ఎక్కువ, 200 మిల్లీలీటర్ల టోన్డ్ పాలతో కలిపి దాదాపు 300 కేలరీలు. చాలామంది పోసుకునేది దీనికి రెండింతలు, ఒకసారి వంటింటి త్రాసులో తూచి చూడండి, నేను తూచినప్పుడు నాకే నోట మాట రాలేదు. కొలెస్ట్రాల్ తగ్గుతుందా అంటే, ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది, రోజుకి 3 గ్రాములు తీసుకుంటే గుండెకి మంచిదని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 1997లో ఒప్పుకుంది. మన మిక్స్‌లో ఓట్స్ 40 శాతమే, అంటే ఒక గిన్నెలో 18 గ్రాముల ఓట్స్, అందులో బీటా గ్లూకాన్ ముప్పావు గ్రాము ఉంటే గొప్ప. కాబట్టి మా ప్యాకెట్ చూసుకుని మాత్రలు మానేసే పని పెట్టుకోవద్దు, ఒకాయన నిజంగానే అడిగారు, అందుకే రాస్తున్నా.

ఇంట్లో పెసరట్టో జొన్న రొట్టో రాగి అంబలో చేసేవాళ్ళుంటే హాయిగా అదే తినండి, దానికంటే ఇదేం గొప్ప కాదు. మా కస్టమర్లు ఎక్కువగా ఏడింటికి కంపెనీ బస్సు ఎక్కేవాళ్ళు, హాస్టల్ పిల్లలు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు. టిఫిన్ మానేయడమో, రోడ్డు మీద బోండాలో, ఇదో, ఈ మూడిట్లో ఇది మంచిదంటా, అంతకుమించి అనను.

అమెరికాలో ఉన్న పిల్లలకి పంపడానికి పది ప్యాకెట్లు అడిగేవాళ్ళకి చెప్తున్నా, అక్కడ రోల్డ్ ఓట్స్ చవక, నట్స్ దొరుకుతాయి, కొరియర్ ఖర్చు సరుకు కంటే ఎక్కువవుతుంది. రెండు పాళ్ళు ఓట్స్, ఒక పాలు జొన్న ఫ్లేక్స్ (ఇండియన్ స్టోర్లో దొరక్కపోతే అటుకులు), ఒక పాలు నట్స్ గింజలు కలిపి, అర పాలు ఎండు పళ్ళు. ఓట్స్, ఫ్లేక్స్ ఉత్త మూకుడులో సన్న మంట మీద కాస్త వేడిచేసి, పూర్తిగా చల్లారాక కలిపి, గాజు సీసాలో పెట్టుకోమనండి. మేం చేసేది కూడా దాదాపు ఇదే.

కొత్త బ్యాచ్ ప్యాకింగ్ శనివారం, డెలివరీ సోమవారం నుంచి. క్రాన్‌బెర్రీ ఉన్న పాత స్టాక్ కొంచెం మిగిలింది, కావాలంటే పాత రేటుకే, అయిపోతే అయిపోయినట్టే. కొత్తది నచ్చుతుందో లేదో అనుకునేవాళ్ళకి 50 గ్రాముల శాంపిల్ 45 రూపాయలు, తర్వాత పెద్దది తీసుకుంటే ఆ 45 తగ్గిస్తా. గాజు సీసాలు వెనక్కి ఇచ్చేవాళ్ళు కడిగి బాగా ఆరబెట్టి ఇవ్వండి, మూతలో తడి ఉంటే మళ్ళీ వాడలేకపోతున్నాం.