రేడియేషన్‌కు ముందు పళ్లు తీసేందుకు అనుమతి నాన్చినందుకు ఫిర్యాదు

ఆరోగ్య బీమా క్లెయిముల విభాగం అధిపతి గారికి,

నాలుక మొదట్లో క్యాన్సర్ ఉన్న మా పేషెంటుకు 29న రేడియేషన్ మొదలవుతుంది. ఆలోపు కింది దవడలో పుచ్చిపోయిన 4 దవడపళ్లు తీయాలని 3వ తేదీన మీకు ఫైలు పంపాం. ఇవాళ 14. మీరు కాదన్నా ఇంత బాధ ఉండేది కాదు. ఫైలు తెరిచి చూసినవాళ్లే లేరు.

మొదట ఫోనెత్తినావిడ "డెంటల్ కవర్ కాదండీ" అని పెట్టేశారు. 5న ఇంకొకరు ఎక్స్‌రే అడిగారు. అది ఫైల్లో మూడో పేజీ. మళ్లీ పంపాం. 7న క్యాన్సర్ డాక్టరు లేఖ అడిగారు. అది రెండో పేజీ. 9న "48 గంటల్లో చెప్తాం సార్" అన్నారు. 12న మేమే చేస్తే, పాత టికెట్ మూసేశాం, కొత్తది పెట్టుకోండి అన్నారు. ఎప్పుడు చేసినా కొత్త గొంతే, మళ్లీ మొదటినుంచి చెప్పుకోవడమే.

రేడియేషన్‌కు ముందు ఆ రోజులు దేనికోసమో వినండి. పన్ను తీసిన గుంట మీద చిగురు కప్పుకోవడానికి కనీసం 14 రోజులు కావాలి, 21 దొరికితే మేలు. పన్ను తీశాక ఎముక పదును అంచులు అరగదీసి, చిగురు బిగుసుకోకుండా దగ్గరికి చేర్చి కుట్లు వేస్తాం. 7-10 రోజులకు విప్పుతాం. బుగ్గ వాపు తగ్గాకే, రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా పెట్టే మాస్కుకు కొలత తీయాలి, లేకపోతే తర్వాత అది వదులైపోతుంది. ఇంకా ఎముక కనబడుతుంటే రేడియేషన్ మొదలుపెట్టడం ప్రమాదం. 35 సిట్టింగుల్లో 70 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) పడే చోట సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, కింది దవడకు రక్తం అందడం అసలే తక్కువ. ఇప్పుడు వదిలేసి ఆ తర్వాత పన్ను తీయాల్సివస్తే గుంట మానకపోవచ్చు. ఎముక చచ్చి నోట్లో బయటపడుతుంది, ఒక్కోసారి దవడ ముక్కే కోసేయాల్సి వస్తుంది. పోనీ రేడియేషన్ వెనక్కి జరుపుదామా అంటే, గడ్డ ఆగదు.

4న తీసుంటే మానడానికి 25 రోజులుండేవి. రేపు తీస్తే సరిగ్గా 14. కుట్టు ఒక్కటి ఊడినా సర్దుకునే వ్యవధి లేదు.

ఈ కుటుంబం 12 ఏళ్లుగా ఒక్క ప్రీమియం తప్పలేదు, ఇదే వాళ్ల మొదటి క్లెయిము. అప్పు తెచ్చి డబ్బు కట్టారు, రేపు ఉదయం పళ్లు తీసేస్తున్నాం. ఇది అందానికి చేసే పంటి పని కాదు, క్యాన్సర్ చికిత్సలో భాగం. అలాగే లెక్కగట్టి ఆ ఖర్చు వాళ్లకు తిరిగివ్వండి. ఫైలు మొత్తం చదివిన ఒక మనిషి పేరు, నేరుగా అందే నంబరు మాకు రాసి పంపండి. నెలలోపు జవాబు రాకపోతే ఈ లేఖ జతచేసి ఆ కుటుంబం హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విచారించే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తుంది. ప్రతి ఫోన్ కాల్ తేదీ మా దగ్గర రాసి ఉంది.

ఇట్లు,
దంత శస్త్రచికిత్స విభాగం