బాల్టిక్ దేశాల మాట నేరుగా వాళ్ళ దగ్గరే వినండి సార్: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ మంత్రి జైశంకర్ గారికి నమస్కారం.

నాది శ్రీకాకుళం జిల్లా, ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నా. ఇక్కడి విషయాల మీద మన టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో నడిచే మాటలు వింటుంటే మనసు ఊరుకోక ఇది రాస్తున్నాను. రష్యా పక్కనున్న బాల్టిక్ దేశాలు ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, మూడూ కలిపితే అరవై లక్షల పైచిలుకు జనం, హైదరాబాద్ అంత కూడా లేరు. వీళ్ళు రష్యా గురించి నోరు తెరిస్తే చాలు, అమెరికా ఆడించినట్టు ఆడే దేశాలు అనేస్తారు మనవాళ్ళు. ఎవరి దగ్గర ఆయిల్ కొనాలో, ఎవరితో స్నేహంగా ఉండాలో మేమే డిసైడ్ చేసుకుంటాం అని మీరు ప్రతి వేదిక మీదా గట్టిగా చెప్తారు, విన్నప్పుడల్లా నాకు గర్వంగానే ఉంటుంది, మరి అదే హక్కు ఈ చిన్న దేశాలకీ ఉంది అనే మాట మన వైపు నుంచి ఎందుకు వినపడదు సార్?

2022 జూన్‌లో బ్రాటిస్లావాలో మీరన్న మాట మన దగ్గర ఇప్పటికీ షేర్ అవుతూనే ఉంది, యూరప్ సమస్యలన్నీ ప్రపంచానివి, ప్రపంచ సమస్యలు మాత్రం యూరప్‌వి కావు అనే ధోరణి పోవాలి అని. అందులో న్యాయం ఉంది. కాకపోతే ఆ మాట తగలాల్సింది మనల్ని ఏలిన పెద్ద దేశాలకి. బాల్టిక్ వాళ్ళు మనల్ని ఏలలేదు, వీళ్ళనే వేరేవాళ్ళు ఏలారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ మూడు దేశాలూ మేం న్యూట్రల్ అని చట్టాలు చేసుకున్నాయి. ఏం లాభం? 1939 ఆగస్టు 23న హిట్లర్, స్టాలిన్ మనుషులు రహస్యంగా పంచేసుకున్నారు, ముందు సోవియట్ వాళ్ళు సైనిక స్థావరాలకి జాగా ఇమ్మన్నారు, 1940 జూన్‌లో మొత్తం దేశాల్లోకే దిగిపోయారు. 1949 మార్చిలో అయితే కొద్ది రోజుల్లోనే మూడు దేశాల నుంచీ దాదాపు 90 వేల మందిని రైళ్ళెక్కించి సైబీరియాకీ దూర ప్రాంతాలకీ తోలేశారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే. అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోలో చేరమని వీళ్ళకి బయటివాళ్ళెవరూ నూరిపోయక్కర్లేదు, ఆ పిల్లల్లో కొందరు ఇంకా బతికే ఉన్నారు.

వీలైతే ఒకసారి ఎస్టోనియా సరిహద్దు ఊరు నార్వా రండి సార్. మధ్యలో ఒక నది, ఈ ఒడ్డున నార్వా కోట, ఆ ఒడ్డున రష్యా వాళ్ళ ఇవాన్‌గొరోద్ కోట, అవతల నడిచే మనుషులు మామూలు కంటికే కనపడతారు. బ్రిడ్జి మీద 2024 నుంచి బండ్లు లేవు, సూట్‌కేసులు లాక్కుంటూ జనం నడిచి దాటుతుంటారు, రాత్రయితే అదీ మూసేస్తారు. 2024 మేలో సరిహద్దు గుర్తుగా ఎస్టోనియా వాళ్ళు నదిలో వేసిన బోయాలని (నీళ్ళ మీద తేలే గుర్తులని) రష్యా గార్డులు తెల్లవారేలోపు ఇరవైకి పైగా పీకేశారు. ఊళ్ళో తొంభై శాతం పైన రష్యన్ మాట్లాడేవాళ్ళే, వాళ్ళని దేశానికి దూరం కానివ్వకుండా చూసుకోవడం ఈ ప్రభుత్వానికి అసలు పరీక్ష, అందులో అన్నీ సరిగ్గా చేస్తున్నారని నేను అనను. 2025 సెప్టెంబర్ 19న మూడు రష్యా మిగ్-31 యుద్ధ విమానాలు ఎస్టోనియా గగనతలంలోకి వచ్చి 12 నిమిషాలు తిరిగాయి. వీళ్ళు తిరిగి కాల్చలేదు, నాటో ఆర్టికల్ 4 కింద సంప్రదింపులు అడిగి, భద్రతా మండలికి వెళ్ళారు. చిన్న దేశానికి రూల్స్ పుస్తకమే ఆయుధం, దాన్ని పట్టుకునే నిలబడుతున్నారు.

ఊరికే కంప్లైంట్లు చేస్తూ కూర్చునేవాళ్ళు కూడా కాదు. లిథువేనియా 2014లోనే క్లైపెడా రేవులో, ఓడల్లో వచ్చే గ్యాస్ దింపుకునే టెర్మినల్ షిప్ తెచ్చిపెట్టుకుంది, దాని పేరే ఇండిపెండెన్స్, అందుకే 2022 ఏప్రిల్‌లో రష్యా గ్యాస్ కొనడం ఆపేయగలిగింది. 2025 ఫిబ్రవరిలో మూడు దేశాలూ సోవియట్ కాలం నాటి కరెంటు గ్రిడ్ నుంచి తెగదెంపులు చేసుకుని మర్నాడే పోలండ్ మీదుగా యూరప్ గ్రిడ్‌లో కలిశాయి, మా ఇంట్లో లైటు కూడా మిణుకుమనలేదు. ఖర్చు మాత్రం జనమే మోస్తున్నారు, ఇక్కడ వ్యాట్ 24 శాతం అయింది, సరుకుల బిల్లు చూస్తేనే తెలుస్తుంది.

అన్నీ కరెక్టుగా చేశారనీ కాదు. చైనా తనదే అనే తైవాన్‌ని 2021లో లిథువేనియా రాజధాని విల్నియస్‌లో సొంత పేరుతో ఆఫీసు పెట్టుకోనిస్తే చైనా లిథువేనియా సరుకుని పోర్టుల్లోనే ఆపేసింది. యూరోపియన్ యూనియన్ ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోలో కేసు వేసి 2024లో దాన్ని పక్కన పెట్టించింది. ముందుగా తోడు కూడగట్టుకోకుండా అడుగేశారని నా అభిప్రాయం, కానీ చైనా ఒత్తిడి ఎలా ఉంటుందో గల్వాన్ చూసిన మనకి ఒకరు చెప్పాలా సార్?

ఇక మన పిల్లల సంగతి, ఈ లెటర్ రాయడానికి ఇదే పెద్ద కారణం. 2024 డిసెంబర్ 25న ఫిన్లాండ్, ఎస్టోనియా మధ్య సముద్రం అడుగున ఎస్ట్‌లింక్-2 కరెంటు కేబుల్ తెగింది. ఈగిల్ ఎస్ అనే ట్యాంకర్ లంగరు ఈడ్చుకుంటూ పోవడం వల్లే అని ఫిన్లాండ్ దాన్ని పట్టుకుంది, సిబ్బందిలో జార్జియా వాళ్ళతో పాటు మన ఇండియన్స్ ఉన్నారు. తర్వాత ఆ కేసు తమ పరిధిలోకి రాదని హెల్సింకి కోర్టు కొట్టేసింది, కానీ నెలల తరబడి నలిగింది ఉద్యోగం కోసం ఓడెక్కినవాళ్ళే. 2025 ఏప్రిల్‌లో ఎస్టోనియా నేవీ ఆపిన కివాలా అనే ట్యాంకర్ మన గుజరాత్‌లోని సిక్కా పోర్టు నుంచి రష్యాలోని ఉస్త్-లూగాకి వస్తోంది, ఏ దేశంలో రిజిస్టర్ అయిందో చెప్పే సరైన జెండా కూడా లేదు దానికి. విశాఖ, శ్రీకాకుళం వైపు మర్చంట్ నేవీకి వెళ్ళే కుర్రాళ్ళు ఎంతమందో మీకు తెలియంది కాదు. లక్షలు అప్పు చేసి సీడీసీ (ఓడ ఉద్యోగానికి కావాల్సిన పత్రం) తీసుకుని, ఏజెంట్ ఏ ఓడ ఎక్కమంటే అది ఎక్కేస్తారు, అది ఆంక్షలు తప్పించుకోవడానికి పేరూ జెండా మారుస్తూ రష్యా ఆయిల్ మోసే ముసలి ట్యాంకర్ అని ఆ కుర్రాళ్ళకెలా తెలుస్తుంది?

అందుకే రెండే అడుగుతున్నా. ఒకటి, ఆంక్షల్లో ఉన్న, జెండా సరిగ్గా లేని ఓడల పేర్లు, ఐఎంవో నంబర్లు (పేరు మారినా మారని ఓడ గుర్తింపు నంబర్లు) షిప్పింగ్ శాఖతో కలిసి తెలుగుతో సహా మన భాషల్లో పెట్టించండి, సంతకం పెట్టే ముందే చూసుకుంటారు. రెండోది, 1991లోనే ఈ దేశాలని గుర్తించినా చాలా ఏళ్ళు ఎస్టోనియా పని హెల్సింకి నుంచి, లిథువేనియా పని వార్సా నుంచి నడిపించాం, ఈ మధ్యే ఇక్కడ ఎంబసీలు వచ్చాయి, సంతోషం. స్వీడన్, డెన్మార్క్ లాంటి నార్డిక్ దేశాలతో 2018లో స్టాక్‌హోమ్‌లో, 2022లో కోపెన్‌హాగన్‌లో ప్రధాని స్థాయిలో కూర్చున్నాం కదా, ఈ ముగ్గురితో కూడా అలా ఒక సమావేశం పెట్టండి. రష్యాతో స్నేహం వదులుకోమని నేను అనట్లేదు. మాస్కో చెప్పేది ఎలాగూ వింటున్నాం, పక్కనే బతికేవాళ్ళు చెప్పేది కూడా ఢిల్లీ నేరుగా వినాలి, వచ్చే ఏడాదిలోపే వినాలి అని నా విన్నపం.

ఇట్లు,
టాలిన్ నుంచి ఒక శ్రీకాకుళం వాసి