శనివారం బొమ్మ: పాటలున్నాయి, పండగ మాత్రం కాదు

అందరికీ నమస్కారం. ఈసారి తిరుపతి బైరాగిపట్టెడ మిద్దె మీద వేసేది ‘స్వీనీ టాడ్’ (2007). మంగలి కత్తితో గొంతులు కోసే కథ, మాటలకన్నా పాటలే ఎక్కువ. రక్తం ధారగా కారుతుంది, పిల్లోళ్లని తీసుకురావద్దండి. బొమ్మంతా బూడిదరంగు చీకటి. వీధిలైటు తెర మీద పడితే ఏమీ కనబడదు, అందుకే 7:30 దాటాకే మొదలు.

పై వారం ‘డాన్సర్ ఇన్ ద డార్క్’ (2000). కాన్ సినిమా పండగలో పెద్ద బహుమతి పామ్ డోర్ గెలిచింది. మామూలు సీన్లు చేత్తో పట్టిన కెమెరాతో ఊగుతుంటాయి, పాటలకు మాత్రం కదలని డిజిటల్ కెమెరాలు బోలెడన్ని పెట్టి తీశారు. ముందు వరసలో కూర్చుంటే తల తిరుగుతాది, వెనక చాపలే నయం. చివర గుండె పిండేస్తుంది, ముందే చెప్తున్నాం.

ఇంట్లో చూసేవాళ్లు ‘లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ (1986) డైరెక్టర్స్ కట్ (దర్శకుడు అనుకున్న కూర్పు) వెతకండి, మనుషుల్ని తినే మొక్క కథ. విడుదలకు ముందు చూపిస్తే జనానికి నచ్చక తీసేసిన అసలు ముగింపు అందులోనే ఉంది. మొక్క ఏం చేస్తుందో చెప్పంలే.

సబ్‌టైటిల్ మొదట్లో సరిపోయి పోనుపోను జరుగుతుంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో సబ్‌టైటిల్‌ని ముందుకీ వెనక్కీ జరిపే జీ, హెచ్ మీటలు నొక్కి లాభం లేదు. అది సెకనుకు 25, 23.976 ఫ్రేముల (బొమ్మల) తేడా, గంటకు దాదాపు రెండున్నర నిమిషాలు తప్పుతుంది. మీ సినిమా ఫైలు ఫ్రేమ్ రేటుకు సరిపడే సబ్‌టైటిల్ తెచ్చుకోండి.