కళా విభాగం వార్షిక నివేదిక: తైలవర్ణ పోర్ట్రెయిట్ తరగతులు

సభ్యులకు నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, పిల్లల వేసవి డ్రాయింగు శిబిరం ఈ ఏడాదీ యథాప్రకారం జరిగాయి. ఫొటోలు సంఘం ఆల్బంలో ఉన్నాయి. మిగిలిన సమయమంతా దాదాపు ఒక్క పనికే పోయింది: ఒక బరోక్ (పదిహేడో శతాబ్దపు యూరప్ శైలి) చిత్రానికి నకలు వేస్తూ తైలవర్ణాల్లో మనిషి ముఖం చిత్రించడం నేర్చుకున్నాం.

ఎంచుకున్నది స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1650లో రోమ్‌లో వేసిన హువాన్ దె పరేహా పోర్ట్రెయిట్. మూలచిత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోనే ఉంది కాబట్టి న్యూజెర్సీలో రైలెక్కి వెళ్లి చూసి రావచ్చు. పరేహా వెలాస్కెజ్‌కు బానిస, చిత్రశాలలో సహాయకుడు. అదే ఏడాది వెలాస్కెజ్ అతనికి విముక్తి పత్రం రాసిచ్చారు గానీ, అది అమల్లోకి రావాలంటే మరో నాలుగేళ్లు సేవ చేయాలన్నది షరతు. తర్వాత పరేహా కూడా చిత్రకారుడయ్యాడు. 1661లో వేసిన చిత్రం ఒకటి మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది.

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్‌ను వదిలి ఇదెందుకని కొందరు అడిగారు. ఒంటిరంగు కోసం. మన చేతికొచ్చే పోర్ట్రెయిట్ పాఠాల్లో చాలావరకు తెల్లవారి ముఖాలే. పరేహాది చామనఛాయ. అమ్మమ్మల, తాతయ్యల ముఖాలు వేయాలనుకునే మనకు ఇదే సరైన పాఠమని విభాగం అభిప్రాయం.

కాన్వాసుకు ముందుగా బూడిదరంగు కలిపిన మట్టిరంగు పూత వేశాం. రంగులు నాలుగే: తెలుపు, పసుపు ఓకర్ (పసుపు మట్టిరంగు), ఎరుపు, నలుపు. బ్రౌన్ ట్యూబు తెరవకూడదన్న నియమం మీద పెద్ద గొడవే జరిగింది. తీరా చూస్తే పరేహా నుదుటి మీది వెలుగులో ఓకర్, తెలుపు. బుగ్గ మీద ఎరుపు. దవడ మలుపులో నలుపు తెలుపుల బూడిదరంగు. వెచ్చని రంగుల పక్కన ఆ బూడిదరంగే నీలంగా కనిపించింది. సీసపు తెలుపు విషం. పిల్లలు తిరిగే హాలు కనుక టైటానియం తెలుపు వాడాం. అది మోతాదు మించితే ముఖం సున్నం కొట్టినట్టయ్యేది.

గీత గీసి లోపల రంగు నింపే అలవాటు వదిలించడం ఇంకా కష్టమైంది. ఈ చిత్రంలో జుట్టు ఎక్కడ ఆగి వెనుక నీడ ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేం. తెల్ల లేసు కాలరును దగ్గరినుంచి చూస్తే కుంచె దెబ్బలే. నాలుగడుగులు వెనక్కి వేస్తే లేసు. మ్యూజియానికి వెళ్లొచ్చాక చాలామంది ఒక్కో కన్నం లెక్కపెట్టి వేసుకున్న లేసును తామే గీకేశారు. ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

అవిసె నూనె పీల్చిన గుడ్డలు కుప్పగా పడి ఉంటే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లు పోసి మూతపెట్టిన ఇనప డబ్బాలోనే వేయాలి. చెత్తబుట్టలో వేసినవారు దయచేసి ఈ వాక్యం రెండుసార్లు చదవగలరు.

ఈజిళ్లు (కాన్వాసు నిలబెట్టే స్టాండ్లు) సంఘం నిధులతో కొన్నాం, రంగులు ఎవరివి వారివే. నకళ్ల వెనుక మూలచిత్రం పేరు, నకలు అన్న మాట రాయించాం. అమ్మకానికి పెట్టడం లేదు. పూర్తిగా ఆరాక గాని వార్నిష్ వేయకూడదు కనుక ప్రదర్శనను ఉగాదికి వాయిదా వేశాం.

వచ్చే ఏడాది మనుషులను ఎదుట కూర్చోబెట్టి వేస్తాం. ఇండియా నుంచి వచ్చిన పెద్దవారిలో కాసేపు కదలకుండా కూర్చోగలిగినవారుంటే పేర్లు ఇవ్వండి. మధ్యమధ్య విరామం ఉంటుంది, కాఫీ ఖర్చు విభాగానిదే.